ఇరవై కిలోల ఉప్పు

డాక్టరు మా ఆయన పళ్లెంలోంచి ఉప్పు తీసేసిన నెలలోనే
ఇరవై కిలోల ఉప్పు బకెట్ ఒకటి
మూడంతస్తుల మెట్లెక్కి మా వంటింట్లోకి వచ్చింది.
మోసింది ఆయనే. దారిలో రెండుసార్లు ఆగి రొప్పాడు.
"తినడానిక్కాదు, యార్మిలా" అన్నాడు
నేను అడక్కముందే.

ఒస్త్రావాలో సముద్రం లేదు.
మా దేశం మొత్తానికీ లేదు.
ఉన్నదల్లా బొగ్గు, బొగ్గు అయిపోయాక దాని గుట్టలు.
మా కిటికీలోంచి కనబడే గుట్ట
లోపల్లోపల ఇంకా రాజుకుంటూనే ఉంది,
జనవరిలో కూడా దాని నెత్తిన మంచు నిలవదు.

ముప్పయ్యేళ్లు మంచినీటి చేపల్ని పెంచాడు వ్లాస్తిమిల్.
గని షిఫ్టు దిగి వచ్చి
కనురెప్పల అంచున కాటుకలా మిగిలిన మసితోనే
నియాన్ టెట్రాలకి మేత చల్లేవాడు.
ఏంజెల్ చేప గుడ్లు పెట్టిన రోజు
మెట్ల వరస మొత్తానికీ కేకు పంచాడు.
మా పెళ్లికి అంత హడావుడి లేదు.

ఇప్పుడు వాటన్నిటినీ
కింది వాటా పిల్లాడు రాడిమ్‌కి ఇచ్చేశాడు.
ముసలి క్యాట్‌ఫిష్‌ని మాత్రం ఇవ్వడానికి చేతులు రాక
స్నానాల తొట్టిలో ఉంచాడు.
మూడు రోజులు
మేం తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకున్నాం.

రాళ్లు వచ్చాయి, తడి కాగితాల్లో చుట్టి.
ఇల్లంతా ఓడరేవు కుళ్లిన వాసన.
"ఇదే సముద్రం" అన్నాడు గర్వంగా.
దుకాణంలో అమ్మాయి థూయ్ చెప్పింది:
"ఆరు వారాలు. అప్పటిదాకా ఒక్క చేప కూడా వద్దు."
ఆమె పుట్టింది ఇక్కడే, మాట ఫక్తు ఒస్త్రావా యాస,
సముద్రం పక్కన పుట్టింది వాళ్లమ్మ.
ముప్పయ్యేళ్ల చెయ్యి
ఆ పిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

ఖాళీ తొట్టి. దీపాలు, పంపు, గుడగుడ.
రాళ్ల మీద బెల్లం రంగు బూజు.
చూడటానికి వచ్చిన వాళ్లు చూసి, కాఫీ తాగి,
ఏమనాలో తెలియక కర్టెన్లు బాగున్నాయన్నారు.

కుర్రతనంలో గనిలో
దీపం మంట మీద లేచే నీలి టోపీని బట్టి
గాలిలో గ్యాసు ఎంతుందో చెప్పేవాడట.
ఇప్పుడు పరీక్షనాళికని కిటికీకి ఎత్తిపట్టి
పసుపా, పచ్చా అని కళ్లు చికిలించేవాడు.
పచ్చదనం చూసి భయపడే మనిషిని
అప్పుడే చూశాను.

నాలుగో వారం తప్పు చేశాడు.
నీళ్లు రెండు వేళ్లు తగ్గాయని
ఉప్పునీళ్లే కలిపి పోశాడు, పోస్తూనే ఉన్నాడు.
కొలత ముల్లు ఎర్రగీత దాటింది.
థూయ్ పడీపడీ నవ్విందట:
"ఆవిరయ్యేది నీళ్లే, తాతా!
ఉప్పు ఎక్కడికీ పోదు."

ఆ రాత్రి మంచం అంచున కూచుని
అదే మాట నాకు చెప్పాడు.
"ఎక్కడికీ పోదట."
తర్వాత, నేనేమీ అడగలేదు,
తొంభైలో ఒక షిఫ్టు గురించి మొదలుపెట్టాడు.
ఎనిమిది మంది దిగారన్నాడు.
ఓల్డ్రిఖ్ అనే పేరు దగ్గర ఆగాడు.
నేను లేచి
గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

ఐదో వారం, రాత్రి రెండు గంటలకి
భుజం పట్టి కుదిపాడు.
పాత గని టోపీ నెత్తిన ఉంది,
దాని దీపానికి నా ఎర్ర సిల్కు స్కార్ఫు చుట్టి ఉంది.
"లే. లోపల ఎవరో ఉన్నారు."

వట్టికాళ్లతో వెళ్లి మోకరిల్లాం.
ఎర్రటి వెలుగులో, రాతి పగులులోంచి
దారప్పోగంత చెయ్యి ఒకటి
బయటికొచ్చి నీళ్లని తడిమింది.
దాని వెనక ఇంకోటి.
మేం కొనలేదు. పిలవలేదు.
ఏ రాతిలో దాక్కుని
ఎన్ని దేశాలు దాటి వచ్చిందో ఆ బుల్లి నక్షత్రం.

ఆయన ఊపిరి బిగబట్టాడు.
ఇద్దరం ఎంతసేపున్నామో తెలియదు,
నా మోకాళ్లకి మాత్రం తెలుసు.
లేవబోతూ, మూత సందులోంచి వేలు ముంచి
నాలిక మీద పెట్టుకున్నాను.
నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో అది నా పని.

"సరిపోయింది" అన్నాను.